హలసూరు గట్టు నుంచి రాతి క్వారీ దాకా: బెంగళూరులో స్కూబా

సముద్రమట్టానికి సుమారు 920 మీటర్ల ఎత్తున, తీరానికి దూరంగా పీఠభూమి మీద ఉన్న బెంగళూరులో స్కూబా డైవింగ్ నేర్పే సంస్థలు నడుస్తున్నాయి. వాటిలో చేరేవారిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు, వారిలోనూ తెలుగువారు, గణనీయంగానే కనిపిస్తారు. వీపున కట్టుకున్న సిలిండర్‌లోని గాలిని పీలుస్తూ, ఒడ్డుతో ఏ గొట్టం బంధమూ లేకుండా నీటి అడుగున ఈదడమే స్కూబా. సిలిండర్‌లో అధిక పీడనంతో కుక్కిన గాలిని చుట్టూ ఉన్న నీటి పీడనానికి సరిపడా తగ్గించి, పీల్చినప్పుడే నోటికి అందించే పరికరాన్ని రెగ్యులేటర్ అంటారు. జాక్ కూస్టో, ఎమిల్ గాన్యాన్ అనే ఇద్దరు ఫ్రెంచివారు 1943లో దాన్ని పనికొచ్చే రూపానికి తెచ్చిన తరువాతనే ఈ విద్య నౌకాదళాల చేతిలో నుంచి సామాన్యుల సరదాలోకి వచ్చింది. సముద్రం లేకపోయినా చెరువులకు పేరుపడ్డ ఊళ్లో ఈ విద్య చెరువులోనే ఎందుకు నేర్పరన్న ప్రశ్న ఎవరికైనా కలుగుతుంది. ఆ ప్రశ్నతోనే ఈ పర్యటన హలసూరు చెరువు గట్టున మొదలైంది.

గురుద్వారా వైపు నుంచి చూస్తే హలసూరు చెరువు అందమైనదే. మధ్యలో చెట్లు కమ్ముకున్న చిన్న లంకలు, చుట్టూ నడకదారి, ఒక అంచున మద్రాస్ ఇంజనీర్ గ్రూప్ సైనిక కేంద్రం ఉన్నాయి. 1780లో మూలాలున్న ఆ దళంలో తెలుగు జవాన్లు తరతరాలుగా ఉన్నారు. అయితే ఇనుప కంచె దగ్గర వంగి చూస్తే నీరు పచ్చగా, చిక్కగా, గట్టు రాయి ఒక జానెడు దిగగానే కంటికి ఆనకుండా ఉంది. జలశాస్త్రజ్ఞులు నీటి తేటదనాన్ని కొలవడానికి ఒక పళ్లేన్ని తాడుతో దించి, అది కనుమరుగైన లోతును నమోదు చేస్తారు. 1865లో ఆ పద్ధతిని ప్రవేశపెట్టిన ఇటలీ పూజారి పేరిట దాన్ని సెక్కి పళ్లెం అంటారు. ఇక్కడ తాడు, పళ్లెం రెండూ అక్కర్లేదు, గట్టు రాయే చాలు.

బెంగళూరు చెరువులు సహజ సరస్సులు కావన్న సంగతి ఇక్కడ గుర్తుంచుకోవలసి ఉంది. ఏడాది పొడవునా పారే నది లేని ఊరిలో, వానకు దొర్లే నీటిని లోయ లోయకూ కట్టలు వేసి ఆపి, ఒకటి నిండి అలుగు పారితే కిందిది నిండేటట్టు గొలుసుకట్టుగా కట్టిన సాగునీటి చెరువులివి. 1537లో నగరానికి పునాది వేసిన కెంపేగౌడ కాలంలోనూ ఈ కట్టుబడి సాగింది. ఆయన తెలుగులో ‘గంగాగౌరీ విలాసము’ అనే యక్షగానం రాసినట్లు సాహిత్య చరిత్రలు చెబుతాయి. చెరువులు తవ్వడంలోను, రాళ్లు కొట్టడంలోను దక్షిణాదిన పేరుమోసిన వడ్డెరలను కర్ణాటకలో బోవి అంటారు, వారిలో చాలామంది ఇళ్లల్లో నేటికీ వినిపించేది తెలుగే. పొలానికి తూము ద్వారా నీరివ్వడమే లక్ష్యం కనుక చెరువుకు విస్తీర్ణం కావాలి గాని లోతు అక్కర్లేదు. హలసూరు చెరువు అత్యధిక లోతు కూడా ఆరు మీటర్ల దరిదాపుల్లోనే ఉంటుంది. అడుగున పేరుకున్న మెత్తని పూడికను కాలికి తొడిగిన ఈతరెక్క (ఫిన్) ఒక్కసారి తాకితే చాలు, ఆ చుట్టుపక్కల ఇక ఏమీ కనిపించదు.

లోతు తక్కువ కావడం చిన్న అడ్డంకి, మురుగు పెద్దది. నగరం పెరిగేకొద్దీ వాననీటి కాలువలే మురుగు కాలువలుగా మారాయి. ధర్మాంబుధి చెరువు మెజెస్టిక్ బస్‌స్టాండు అయింది, సంపంగి చెరువు కంఠీరవ క్రీడాప్రాంగణమయింది, మిగిలినవాటిలో చాలా చెరువులు మురుగుకు దారిచ్చాయి. 2016 మార్చిలో హలసూరు చెరువులో చేపలు చచ్చి గుట్టలుగా తేలాయి. మురుగులోని సేంద్రియ పదార్థాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు నీటిలో కరిగిన ఆక్సిజన్‌ను మింగేస్తే జరిగేది అదే. సుమారు 900 ఎకరాల బెళ్లందూరు చెరువు ఇంకా ముందుకు పోయింది: సబ్బుపొడుల రసాయనాలతో అలుగు దగ్గర నురగ మేఘాల్లా లేచి రోడ్డెక్కింది, 2015లోను, 2017లోను, 2018లోను అక్కడ మంటలు కూడా రేగాయి. నీటిలో నిప్పు పుట్టిన చెరువులో సరదాకు మునగమని ఎవరినీ అడగలేము. అయినా ఇటువంటి నీటిలో దిగేవారు లేకపోలేదు. మునిగిపోయినవారిని వెదకడానికి వచ్చే అగ్నిమాపక సిబ్బంది, వారి వెంట స్థానిక గజ ఈతగాళ్లు, కళ్లు పనిచేయని చోట చేతులతో తడుముకుంటూ వెదుకుతారు. తెలుగువారికి చెరువు అడుగు గుర్తుకొచ్చే సందర్భం మరొకటుంది: 1990లో హుసేన్‌సాగర్‌లో మునిగిన బుద్ధ విగ్రహం 1992 డిసెంబరు దాకా బురదలోనే పడి ఉంది.

కాబట్టి బెంగళూరు డైవర్ తొలి పాఠాలు నేర్చుకునేది గచ్చు పలకల ఈతకొలనులో. నగరంలోని అటువంటి ఒక కొలనులో పొద్దున్నే జరిగే శిక్షణను చూడడానికి వెళ్తే, గట్టు మీద సిలిండర్లు వరుసగా పడుకోబెట్టి ఉన్నాయి. వాటిని నిలబెట్టి వదిలేయకూడదన్నది మొదటి నియమం, దొర్లి పడితే కాలైనా విరుగుతుంది, కవాటమైనా విరుగుతుంది. వాడుకలో ఎక్కువగా ఉన్న అల్యూమినియం సిలిండర్ ఖాళీగానే 14 కిలోలు తూగుతుంది. సుమారు 11 లీటర్ల ఆ డొల్లలో 200 బార్లకు పైగా పీడనంతో రెండువేల లీటర్లకు మించిన గాలి పడుతుంది, ఆ గాలి బరువే రెండున్నర కిలోలు దాటుతుంది. గాలి అయిపోయేకొద్దీ సిలిండర్ తేలికై పైకి లాగుతుంది కనుక, చివరి నిమిషాల్లోనూ నిలకడగా ఉండేటట్టు నడుముకు సీసపు దిమ్మలు లెక్కచూసి కట్టుకోవాలి. డైవర్ తొడుక్కునే చొక్కా లాంటి గాలిసంచిని బీసీడీ అంటారు. అందులోకి గాలి వదిలితే తేలతారు, తీస్తే మునుగుతారు.

నీటిలోకి దిగేముందు ప్రతివారూ మాస్క్ అద్దం లోపల ఉమ్మి, వేలితో రుద్ది, కడిగేశారు. అద్దం మీద ఆవిరి పట్టకుండా ఉండడానికి ఖరీదైన ద్రావణాలున్నా ఈ పద్ధతే నడుస్తోంది. శిక్షకుడు కన్నడంలో మొదలుపెట్టి, ముందున్నవారి ముఖాలు చూసి తెలుగులోకి మారాడు: “ఏం చేసినా చెయ్యండి సార్, ఊపిరి మాత్రం బిగబట్టొద్దు.” మామూలు ఈతలో అలవాటైన దానికి ఇది పూర్తిగా విరుద్ధం. అడుగున పీల్చిన గాలి పైకి వచ్చేకొద్దీ పీడనం తగ్గి వ్యాకోచిస్తుంది. గొంతు మూసుకుని పైకి లేస్తే, మీటరు పైచిలుకు లోతు నుంచి లేచినా ఊపిరితిత్తుల పొరలు చిట్లే ప్రమాదముంది. అందుకే అడుగున మోకాళ్లపై కూర్చున్న శిష్యులు రెగ్యులేటర్‌ను నోటి నుంచి తీసి తిరిగి పెట్టుకునే అభ్యాసంలో సైతం సన్నని బుడగల తీగను ఆగకుండా వదులుతూనే ఉండాలి. ఒక యువకుడు అంతా బాగుందని చెప్పబోయి బొటనవేలు పైకెత్తాడు. డైవర్ల సైగల్లో అది ‘పైకి పోదాం’ అని అర్థం కాబట్టి శిక్షకుడు మారుమాట లేకుండా అతని భుజం పట్టి పైకి తీసుకువచ్చాడు. బాగుందని చెప్పడానికి బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుట్టాలి. అరచేతిని అటూ ఇటూ ఊపితే ఏదో తేడాగా ఉందని అర్థం. చెవి నొప్పి ఎక్కువగా ఈ సైగతోనే బయటపడుతుంది. లోతుకు పోయేకొద్దీ చెవి గూబను నీరు లోపలికి నొక్కుతుంది. ముక్కు మూసుకుని మెల్లగా ఊది లోపలి గాలిని సమం చేయడమే విరుగుడు, అది కూడా నొప్పి పుట్టక మునుపే చేయాలి.

కొలను నీరైనా చెరువు నీరైనా మంచినీరే, అంటే ఉప్పు లేని నీరే. దానికీ సముద్రానికీ ఉన్న తేడా డైవర్‌కు మొదట నడుము దగ్గర తెలుస్తుంది. లీటరు మంచినీరు కిలో తూగితే సముద్రపు నీరు సుమారు 25 గ్రాములు ఎక్కువ తూగుతుంది. పరికరాలతో కలిపి 100 లీటర్ల చోటు ఆక్రమించే మనిషిని సముద్రం రెండున్నర కిలోలు అదనంగా పైకి తోస్తుంది. కొలనులో సరిపోయిన సీసం సముద్రంలో చాలక, తొలిసారి వెళ్లినవారు నీటి మీద బెండులా తేలుతూ ఉండిపోవడం అందువల్లే. ఇంతకన్నా సూక్ష్మమైన తేడా నగరం ఎత్తులో ఉంది. బెంగళూరులో గాలి పీడనం తీరప్రాంతపు పీడనంలో పదింట తొమ్మిది వంతులే. ఏ లోతున ఎంతసేపు ఉండవచ్చో చెప్పే డైవింగ్ పట్టికలు సముద్రమట్టాన్ని ఆధారం చేసుకుని తయారైనవి. 300 మీటర్లకు మించిన ఎత్తున మునిగితే వాటిని సవరించుకోవాలి. లోతున ఎక్కువ పీడనంలో నెత్తురులోను కణజాలాల్లోను కరిగిన నైట్రోజన్, పైకి వచ్చాక మెల్లగా బయటపడాలి. తొందరపడితే సోడా సీసా మూత తీసినట్టు బుడగలు కట్టి కీళ్ల నొప్పులు మొదలుకొని పక్షవాతం దాకా తెస్తుంది. స్కాట్లాండుకు చెందిన జె.ఎస్. హాల్డేన్ మేకలపై ప్రయోగాలు చేసి 1908లో ప్రకటించిన పట్టికలే నేటి లెక్కలకు మూలం. పైనున్న గాలి పలచనైనప్పుడు అదే లోతు శరీరానికి ఇంకాస్త లోతుగా లెక్కకొస్తుంది. మూడు నాలుగు మీటర్ల కొలనులో ఇది లెక్కించనక్కర్లేదు గాని, పీఠభూమి మీద లోతైన నీటిలో దిగేవారికి ఇది తప్పనిసరి పాఠం.

కొలను పాఠం ముగిసిన వారిలో చాలామంది అరేబియా సముద్రంలో మురుడేశ్వర్ తీరం నుంచి సుమారు 19 కిలోమీటర్ల దూరాన ఉన్న నేత్రాణి దీవికి పోతారు; వానాకాలంలో అది మూతపడుతుంది. ప్రాథమిక అర్హత ఉన్నవారికి లోతు హద్దు 18 మీటర్లు. డైవింగ్ తరువాత 12 నుంచి 18 గంటల దాకా విమానం ఎక్కకూడదని డైవర్లందరికీ తెలుసు. మునిగిన సాయంత్రమే బస్సెక్కి పడమటి కనుమలు దాటి 920 మీటర్ల ఎత్తుకు చేరడం కూడా అదే కోవలోకి వస్తుందన్న సంగతి మాత్రం కొద్దిమందికే తడుతుంది. ఒక రాత్రి తీరంలో ఆగితే పోయేదేమీ లేదు.

బెంగళూరు పరిసరాల్లో చెరువులది కాని మంచినీరు మరొకటుంది. అది నల్లరాతి క్వారీల్లో నిలిచిన నీరు. నగరం చుట్టుపట్ల గ్రానైటు కొట్టి వదిలేసిన గుంతల్లో ఊట, వాన కలిసి నిలుస్తాయి. మురుగు కాలువ చేరని చోట ఆ నీరు చెరువు నీటికన్నా తేటగా, ఎంతో లోతుగా ఉంటుంది. వాటిని తొలిచిన చేతుల్లోనూ వడ్డెరల చేతులు చాలా ఉన్నాయి. గట్టు నుంచి చూసినప్పుడు ఆ నీలిరంగు ఆశ పుట్టిస్తుంది, ఆ ఆశే ఏటా ఈతకు దిగిన కుర్రవాళ్ల ప్రాణం తీస్తోంది. ఒడ్డు అనేది ఉండదు, గోడ నిట్టనిలువుగా దిగిపోతుంది, పట్టుకోవడానికి చిన్న అంచైనా ఉండదు. పైపొర వెచ్చగా ఉన్నా కొన్ని మీటర్ల కింద ఒక్కసారిగా చల్లబడుతుంది. ఈ ఉష్ణోగ్రతల హద్దును థర్మోక్లైన్ అంటారు. దాని కింద పాత ఇనుప తాళ్లు, చువ్వలు, విరిగిన చెట్లు ఏవి ఉన్నాయో ఎవరికీ తెలియదు.

ఇటువంటి గుంతనే ఇంగ్లండులో లెస్టర్‌షైర్ ప్రాంతంవారు శిక్షణ కేంద్రంగా మార్చుకున్నారు. స్టోనీ కోవ్ అనే ఆ క్వారీలో రాయి కొట్టడం 1958లో ఆగిపోయింది. ఊటనీరు నిండాక, క్వారీ పనివాళ్లు వదిలిన మెట్లే ఆరు, ఇరవై, ముప్పై అయిదు మీటర్ల అంచెలుగా పనికొచ్చాయి. కొత్తవారు పై అంచెలోను, ఆరితేరినవారు కింది అంచెలోను దిగుతారు. చూడడానికి ఏదో ఒకటి ఉండాలని 2000లో స్టేన్‌గార్త్ అనే పాత టగ్ పడవను ముంచారు. అక్కడి చలి బెంగళూరులో లేదు, ఇక్కడి రాయి అక్కడి రాతికన్నా తక్కువదేమీ కాదు. లేనిదల్లా బాధ్యత తీసుకునేవారు.

రాష్ట్ర గనుల శాఖ, జనరల్ తిమ్మయ్య జాతీయ సాహస అకాడమీ కలిసి పని ముగిసిన ఒక్క క్వారీని ఎంచుకుని, అడుగు సర్వే చేసి, ఇనుము తొలగించి, మెట్లదారి కట్టి, నీటిని ఏడాదికి రెండుసార్లయినా పరీక్షించి, ఆక్సిజన్‌తో రక్షణ సిబ్బందిని నిలిపితే, సరదా డైవర్లకే కాదు, కళ్లు కనిపించని నీటిలో శవాలు వెదికే అగ్నిమాపక సిబ్బందికి, గజ ఈతగాళ్లకు కూడా సరైన శిక్షణ స్థలం దొరుకుతుంది. వెదికే సిబ్బంది శిక్షణకే ముందు ప్రాధాన్యం ఇవ్వాలి. అది జరిగేదాకా ఎవరైనా క్వారీలో డైవింగ్ అని పిలిస్తే నీటి పరీక్ష కాగితం, అడుగు పటం, ఆక్సిజన్ పెట్టె, ఎత్తుకు సవరించిన పట్టిక, ఈ నాలుగూ చూపమని అడగండి, చూపలేకపోతే వెళ్లకండి.