కారెన్ ఏది?

నేను పీహెచ్‌డీ చేసే రోజుల్లో దిల్‌సుఖ్‌నగర్‌లో ఓ హాస్టల్లో ఉండేదాన్ని. బయటికి పెద్ద మేడ. లోపల ఒక్కో గదిని ప్లైవుడ్‌తో మూడు చేశారు. మంచం దిగితే గోడే. ఆ మంచం మీదే మార్క్ డానియెలెవ్‌స్కీ నవల ‘హౌస్ ఆఫ్ లీవ్స్’ (2000) చదివాను. అందులో ఇల్లు బయటికన్నా లోపల పావు అంగుళం ఎక్కువ. తర్వాత ఆ ఇంట్లో అంతులేని చీకటి నడవాలు తెరుచుకుంటాయి.

ఫొటో జర్నలిస్టు నేవిడ్సన్ వాటిని చిత్రీకరిస్తాడు. మనకు దొరికేది ఆ సినిమా గురించిన రాతలే. ఆ లోటు తీర్చాలని అభిమానులు తమ ఇళ్లలోనే ‘ఐదున్నర నిమిషాల నడవా’ను వీడియోలుగా తీశారు. ఇప్పుడు ఎల్బీనగర్‌లో, వంటిల్లు సర్దుకున్నాక రాత్రిళ్లు అవి చూస్తుంటాను. తలుపు, చీకటి, కెమెరా పట్టుకున్న మగవాడి ఊపిరి. భయమేస్తుంది, నిజమే.

కానీ నవలలో అతని సహచరి కారెన్ కూడా సినిమా తీస్తుంది. అతని పాత దృశ్యాలన్నీ ఏరి, కూర్చి, తను ప్రేమించిన మనిషిని చూపిస్తుంది. ఇరుకు చోట్లంటే హడలిపోయే ఆమే చివరికి అతని కోసం ఆ చీకట్లోకి నడుస్తుంది. నేను చూసిన వీడియోల్లో ఆమె లేదు. నడవా పొడవు కొలిచినవాళ్లకు ఆ నడక కనబడలేదు.

నాకు మాత్రం కనబడిందా? హాస్టల్లో ప్లైవుడ్ అవతల ఒకమ్మాయి రాత్రంతా ఏడ్చేది. వినేదాన్ని, పుస్తకంలో పేజీ తిప్పేదాన్ని. ఒక్కసారి కూడా వెళ్లి తలుపు తట్టలేదు.