మేము కొలిచినది ఎవరి ఛందస్సు?

ఈ సంచికకు మేము తొలుత అందజేసిన వ్యాసం ఇది కాదు. సంపాదకవర్గం వారి అనుమతితో దానిని వెనుకకు తీసుకొని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము. చేసిన తప్పు ఒప్పుకొనడం మర్యాద. ఆ తప్పు వలన తెలిసివచ్చిన సంగతిని తోటి విద్యార్థులతో పంచుకొనడం అంతకంటె ముఖ్యమని మా అభిప్రాయం.

మేము అనగా ఇద్దరము. ఒకరికి ద్వితీయ భాష తెలుగు, మరొకరికి ఉర్దూ. ఒకనాటి సాయంకాలం కోఠి కాలిబాట మీది పాత పుస్తకాల కుప్పలో ఒక ఆంగ్ల కవితా సంకలనం మా కంటబడింది. ఫ్రెంచి కవి పాల్ వెర్లేన్ వ్రాసిన ఆకురాలు కాలపు గీతం అందులో అనువాదంగా ఉన్నది. అది 1866లో వెలువడిన అతని తొలి సంపుటిలోనిది. అప్పటికి కవికి 22 ఏండ్లు. దాదాపు మా ఈడువాడే. ఋతువు వయొలిన్ వలె రోదిస్తుంది; గంట కొట్టగానే గడిచిన దినాలు జ్ఞాపకం వచ్చి అతడు కన్నీరు పెడతాడు; చివరకు ఎండుటాకు వలె గాలి ఎటు విసిరితే అటు పోతాడు. మూడు ఖండికలు, 18 చిన్న పాదాలు. విషయం ఇంతే.

మేము ఆ అనువాదానికి గురులఘువులు గుర్తించి, అంత్యప్రాసలు లెక్కపెట్టి, "ఫ్రెంచి ఛందస్సు ఇట్లుండును" అని ఎనిమిది పుటల వ్యాసం వ్రాశాము. ఫ్రెంచి బోధించే ఒక పెద్దలకు దానిని చూపగా ఓపికగా చదివి, "మీరు కొలిచినది అనువాదకుని ఛందస్సు. కవిని మీరింకా వినలేదు" అన్నారు. మేము తల వంచుకున్నాము. కోఠిలోని బ్రిటిష్ రెసిడెన్సీ భవనం, 1798లో నిజాము కొలువులోని ఫ్రెంచి సేనను నిరాయుధం చేసిన తరువాత లేచినది. ఆ కోఠిలో ఫ్రెంచి కవి ఆంగ్లేయుని చాటున మాకు ఎదురుపడడం వింత కాదు. ఆ చాటును గమనించకపోవడమే మా తప్పు.

వారు మూలాన్ని మూడుసార్లు చదివి వినిపించారు. అప్పుడు తెలిసింది, మా ఇద్దరి కొలబద్దలూ అక్కడ పనికిరావని. తెలుగు గణాలకు గురులఘువులు ఆధారం. ఉర్దూ బహర్‌కు కూడ హ్రస్వదీర్ఘాల అమరికయే ఆధారం. ఫ్రెంచి పద్యంలో ఆ భేదం లెక్కకు రాదు. పాదంలో ఎన్ని అక్షరాలు పలికినవి అన్నదే లెక్క. ఫ్రెంచివారి గంభీర కవిత్వానికి 12 అక్షరాల పాదం ప్రసిద్ధం. వెర్లేన్ ఇక్కడ 4, 4, 3 అక్షరాల పాదాలను రెండేసి మార్లు పేర్చి ఒక్కొక్క ఖండిక కట్టాడు. మూడవ పాదం వద్ద ఒక అక్షరం తగ్గి, ఊపిరి అందనట్లు ఆగిపోతుంది.

ఇక ప్రాస. మాలో తెలుగువారు అలవాటు చొప్పున ప్రతి పాదంలో రెండవ అక్షరం వెదికారు. ఉర్దూవారు పాదాంతంలో కాఫియా వెదికారు, వారికి దొరికింది. మొదటి రెండు పాదాలకు ఒక ప్రాస, నాలుగైదు పాదాలకు మరొకటి. మూడవ పాదం ఆరవదానితో కలుస్తుంది. ఆ పొట్టి పాదాల చివర ఒక అచ్చు వ్రాతలో ఉండి లెక్కలో ఉండదు. ఇది విని ఉర్దూ మిత్రులు నవ్వి, తక్తీలో తమ నూన్ గున్నా కూడ అంతే, వ్రాస్తారు గాని లెక్కించరు అన్నారు. మొదటి ఖండిక అంతటా మ్రోగే ఆ ముక్కుపలుకు వారి నోట చక్కగా పలికింది. తెలుగువారికి పాత గ్రంథాలలోని అరసున్న గుర్తుకు వచ్చింది.

అన్నింటికంటె మాకు ఆశ్చర్యం కలిగించినది పాదాల విరుపు. చివరి ఖండికలో ఒక పాదం 'లా' అనే ఉపపదం మీద ఆగిపోతుంది. దాని వెంట రావలసిన 'ఆకు' క్రింది పాదంలోనికి రాలుతుంది. తెలుగువారికి ఇందులో విశేషం కనబడలేదు. ఉత్పలమాలలో మాట సగంలో విరిగి తరువాతి పాదానికి సాగడం మనకు నిత్యకృత్యం గదా! ఉర్దూ మిత్రుల చెవి మాత్రం ఉలిక్కిపడింది. గజల్‌లో ప్రతి షేరు తనంత తాను సంపూర్ణం. మిస్రా ఇట్లా తెగితే వారికి మెట్టు తప్పినట్లుంటుంది. కవి ఉద్దేశించినది ఆ మెట్టు తప్పడమే. అలవాటు వలన ఒకరికి మూసుకొనిపోయిన చోట మరొకరు విన్నారు.

పేరు విషయంలోనూ అంతే. నిఘంటువు చూసి మేము 'శరత్తు' అని వ్రాశాము. తెలుగు పాఠకునికి శరత్తు అంటే వెన్నెల. ఆకు రాలేది శిశిరంలో. ఉర్దూ కవిత్వంలోని 'ఖిజాఁ' అన్న మాటలో రాలిన ఆకూ ఉన్నది, దిగులూ ఉన్నది. ఆ మాట మా పక్క కుర్చీలోనే ఉన్నది, మేము అడగలేదు.

రెండేండ్లు ఒకే బల్లమీద కూర్చున్నాము. మీ పద్యం ఎట్లా కొలుస్తారని ఒకరినొకరు అడిగిన పాపాన పోలేదు. గణవిభజన ఒక గదిలో, తక్తీ పక్క గదిలో నేర్చుకున్నాము. నడుమ ఉన్నది ఒక గోడ. ఎక్కడో ఫ్రాన్సు దేశపు ఎండుటాకు ఆ గోడ దాటి వచ్చేవరకు మాకు ఆ సంగతి తోచలేదు.

కళాశాల కార్యవర్గం వారికి ఒక చిన్న మనవి. గ్రంథాలయానికి పరభాషా కవిత్వం తెప్పించినప్పుడు అనువాదంతోపాటు మూలం కూడ ఎదుటి పుటలో ఉన్న ప్రతులను తెప్పించవలసినది. మూలం మాకు చదువ రాకపోవచ్చు. మేము కొలుస్తున్నది ఎవరి ఛందస్సో ఆ ఎదుటి పుట గుర్తుచేస్తుంది.