తిండీ, దిగులూ, ఒక లెక్కా

తిండిని బట్టే బుద్ధి అన్నారు పెద్దలు. ఆ పాత మాటకే ఈనాడు సైన్సు చొక్కా తొడిగారు. "పొట్లాల తిండి తింటే డిప్రెషన్ వస్తుంది" అని పత్రికల్లో చదువుతున్నాం, హాస్టలు మెస్సులో వాదించుకుంటున్నాం. ఇందులో నిజమెంత, తొందరపాటెంత? సైన్సు చదువుకునే మనం తేల్చుకోవలసిన సంగతి ఇది. ఈ లెక్క తప్పితే నష్టపోయేది ఒక మనిషి, ఒక ఇల్లు.

మాది ముత్తుకూరు దగ్గర పల్లె. కొంత వరి, ఒక రొయ్యల గుంట. మా చిన్నాయనకు వరసగా రెండు పంటలు రొయ్య పోయింది. ఆ తర్వాత ఆయనకు నిద్ర పోయింది, మాట తగ్గింది. అన్నం ముందు పెడితే లేచిపోయేవాడు. గుంట కట్టమీద కూర్చుని బిస్కెట్లతో, కూల్‌డ్రింకుతో పూట గడిపేవాడు. నెల్లూరులో డాక్టరుకు చూపిస్తే కుంగుబాటు జబ్బని చెప్పి మాత్రలిచ్చాడు. ఇంతలో బంధువొకాయన పేపరు పట్టుకొచ్చి, "అంతా ఆ పొట్లాల తిండి వల్లే! అవి మాన్పిస్తే సరిపోయె, మాత్రలెందుకు? ఇంట్లో ఆడమనిషి వేళకు వండిపెట్టుంటే ఇట్టయ్యేదా?" అన్నాడు. చిన్నమ్మ ఆ రాత్రి అన్నం ముట్టలేదు.

మా నాయన మాత్రం ఊరుకోలేదు. "గుంటలో చెక్‌ట్రే లేపితే మేత అట్నే ఉంటది. మేత తిననందుకు జబ్బొచ్చిందంటామా, జబ్బొచ్చినందుకు మేత తినలేదంటామా? ముందొచ్చింది ఏందో చూసుకోవద్దా?" అన్నాడు. మాత్రలు ఆపనివ్వలేదు.

నాయన అడిగిన ప్రశ్నే పరిశోధకులనూ వేధిస్తున్నది. ముందు ఏ తిండిని తప్పుపడుతున్నారో చూద్దాం. బ్రెజిల్ శాస్త్రవేత్త కార్లోస్ మొంటేరో బృందం తయారుచేసిన ‘నోవా’ పద్ధతి ఆహారాన్ని నాలుగు తరగతులు చేసింది. మన బియ్యం మొదటిది. పంటపాళెం కర్మాగారాల్లో శుద్ధిచేసే వంటనూనె రెండోది. ఉప్పుచేప మూడోది. రంగులు, రుచులు, తీపి రసాయనాలు కలిపి చేసే చిప్సు, కూల్‌డ్రింకుల వంటివి నాలుగోది. గొడవంతా ఈ నాలుగోదాని గురించే. ఫ్యాక్టరీలో తయారైనదల్లా ఇందులోకి రాదు.

అమెరికాలో 31,712 మంది నడివయసు నర్సులను 2003 నుంచి 2017 దాకా గమనించి, 2023లో ఫలితాలు ప్రకటించారు. ఈ తిండి అందరికంటే ఎక్కువ తినే అయిదో వంతు మందిలో, అందరికంటే తక్కువ తినే అయిదో వంతు కంటే కుంగుబాటు దాదాపు 49 శాతం ఎక్కువగా కనిపించింది. పరిశోధకులు మొదట్లో ఆ జబ్బు లేనివారినే లెక్కలోకి తీసుకున్నారు. కాబట్టి కొట్టిపారేయదగింది కాదు. అయినా ఇది పరిశీలన మాత్రమే. ఒంటరితనం, డబ్బు ఇబ్బంది, తీరికలేని పని ఇవన్నీ మనిషిని పొట్లాల వైపూ నెట్టగలవు, దిగులు వైపూ నెట్టగలవు. ఎంత లెక్కగట్టినా కొలవనివి కొన్ని మిగులుతాయి.

పైగా 49 శాతం అంటే వందలో 49 మందికి వస్తుందని కాదు. ఉదాహరణకు వందమందిలో 8 మందికి వచ్చే జబ్బు ఒకటిన్నర రెట్లయితే 12 మందికి వస్తుంది. 88 మందికి రాదు. ఆ 12 మందిలో ఎక్కువైన నలుగురు ఎవరో ఏ లెక్కా వేలుపెట్టి చూపలేదు. అటువంటప్పుడు మా చిన్నాయనను చూపి, "నీకు దీనివల్లే వచ్చింది" అనే అధికారం ఎవరికుంది?

కొత్త ఎరువు సంగతి తేలాలంటే రైతు ఏం చేస్తాడు? ఒకే మడికి నడుమ గట్టు వేసి ఒక పక్క చల్లుతాడు, ఒక పక్క మానేస్తాడు. 2017లో ఆస్ట్రేలియావారు అలాంటి పని చేశారు. కుంగుబాటు ఉన్న 67 మందిని రెండు గుంపులు చేసి, 12 వారాలు ఒక గుంపుకు మంచి తిండి అలవాటు చేశారు, రెండో గుంపుతో ఊరికే స్నేహంగా మాట్లాడారు. తిండి మార్చుకున్నవారిలో 32 శాతం మంది కోలుకున్నారు, రెండో గుంపులో 8 శాతం. ఆశ కలిగించే ఫలితమే. కాని మంది తక్కువ. ఎవరు ఏ గుంపో వారికే తెలుసు. చాలామంది అప్పటికే వైద్యం పొందుతున్నారు. అంటే తిండి వైద్యానికి తోడు నిలిచింది, దాని స్థానంలోకి రాలేదు. మరో ప్రయోగంలో యూరపు దేశాల్లో వెయ్యిమందికి పైగా తీసుకుని కొందరికి పోషకాల మాత్రలిచ్చి చూస్తే, అవి కుంగుబాటును ఆపలేకపోయాయని 2019లో తేలింది.

తిండికీ మనసుకూ సంబంధం మన ప్రాంతానికి కొత్తది కాదు. దక్కనులో జొన్న ప్రధానంగా తినే పేదల్లో పెల్లాగ్రా కనిపించేది. చర్మం నల్లబడేది, విరేచనాలయ్యేవి, మనసు కుంగేది. నియాసిన్ ఇస్తే తేరుకునేవారు. జొన్నలోని ల్యూసిన్ కారణం కావచ్చునని హైదరాబాదులో పనిచేసిన గోపాలన్, శ్రీకంఠయ్యలు 1960లో రాశారు. దానిమీద చాలాకాలం వాదోపవాదాలు జరిగాయి. జొన్న తిన్నవారందరికీ జబ్బు రాలేదు. అదే జొన్నకు 2023లో చిరుధాన్యాల సంవత్సరం పేరిట పెద్దపీట వేశాం.

మిత్రులారా, ఇకమీదట ఇటువంటి శీర్షిక చూసినప్పుడు మూడు ప్రశ్నలు వేద్దాం. ఇది పరిశీలనా, ప్రయోగమా? ఎవరితో ఎవరిని పోల్చారు? వందలో ఎంతమందికి? చిప్సు తగ్గించి పప్పు, ఆకుకూర, చేపలు తినడానికి ఈ ఆధారాలు చాలు. ఒకరి వైద్యం మాన్పించడానికీ, ఒక ఇల్లాలిపై నింద వేయడానికీ చాలవు. తోటివాడు గది తలుపు వేసుకుని పొట్లాలతో కాలం గడుపుతుంటే ఉపన్యాసమివ్వకండి, పక్కన కూర్చోండి, డాక్టరు దగ్గరికి తోడు వెళ్లండి. 2022లో మొదలైన టెలిమానస్ 14416 నంబరులో తెలుగులోనే మాట్లాడవచ్చు. ఆ నంబరు ప్రతి హాస్టలు గోడమీదా ఉండాలని నా మనవి.