ఫాల్స్ సీలింగ్ పైన ఏముండును?

ఆసుపత్రికి క్రొత్త భవనము లేచుచున్నదనగానే పడకలు ఎన్ని పెరుగును, ఏయే వైద్యులు వత్తురు, స్కానింగు యంత్రము ఏ దేశమునుండి దిగినది అని విచారించువారే గాని, ఆ నాలుగు గోడల నడుమ రోగి పీల్చబోవు గాలి ఎటునుండి వచ్చి ఎటు పోవునని అడుగువారిని నేనెన్నడును చూచి యుండలేదు. విజయవాడలో ఒక ప్రైవేటు ఆసుపత్రివారు తమ పాత భవనమునకు చేర్చి ఐదంతస్తుల విభాగమును కట్టించుచుండగా, దాని శీతలీకరణపు పనులను దగ్గరుండి చూచు అవకాశము శ్రావణమాసములో నాకు కలిగినది. పనిని నడిపించుచున్న ఇంజనీరుగారు నా ఉత్సాహమును కొంత అనుమానముతోనే చూచి, "చూడ్డానికి ఏముంటుందండీ? అంతా ఫాల్స్ సీలింగ్ పైకి పోయేదే" అనిరి. ఆ పైకి పోవుదానినే చూడవచ్చితినంటిని.

పాత భవనమునకును క్రొత్తదానికిని నడుమ, నేలనుండి కప్పువరకు, దళసరి ప్లాస్టిక్ తెరను టేపుతో అతికించి, పని జరుగువైపు గాలిని ఒక ఫ్యాను ఎడతెగక బయటికి తోడివేయునట్లు అమర్చియున్నారు. గోడలు తొలచునప్పుడు లేచు దుమ్ములో ఆస్పర్‌జిల్లస్ అను బూజు బీజములుండుననియు, ఆరోగ్యవంతుని ఏమియు చేయజాలని ఆ బీజములే క్యాన్సరు మందులతో కృశించినవాని ఊపిరితిత్తులలో ప్రాణాంతకములు కాగలవనియు ఇంజనీరుగారు చెప్పిరి. క్రొత్తగా ఇల్లు కట్టుటకంటె కాపురమున్న ఇంటికి గది చేర్చుట కష్టమని మన పెద్దలందరును ఎరుగుదురు. ఇక్కడ ఆ కాపురమున్నవారు రోగులు. డ్రిల్లింగు మిషను మ్రోత ఐ.సి.యు. గోడను తాకినదా, ఫోను మ్రోగును, పని ఆగును, అవతలినుండి ఎవరో "ఇక కానివ్వండి" అనువరకు మేస్త్రులందరును పరంజాలపై కాళ్ళు వ్రేలాడవేసికొని కూర్చుందురు.

మేడపైన చిల్లర్లు. వాని శక్తిని టన్నులలో చెప్పుదురు: ఒక టన్ను మంచు 24 గంటలలో కరగుచు ఎంత వేడిని పీల్చుకొనునో, అంత వేగముగా వేడిని తొలగించు శక్తి ఒక టన్ను, వేడి లెక్కలో రమారమి 3.5 కిలోవాట్లు. ఈ మంచు లెక్క విన్నప్పుడు నాకు జాన్ గోరీ జ్ఞప్తికి వచ్చెను. అమెరికాలో, ఫ్లోరిడా తీరమునందలి అపలాచికోలా అను చిన్న రేవుపట్టణమున వైద్యుడైన ఆయన, 1840 తరువాతి సంవత్సరములలో, జ్వరపీడితుల గదులను చల్లబరచుటకై కప్పునుండి మంచుగడ్డల పాత్రలను వ్రేలాడదీసి, ఉత్తరమునుండి ఓడలలో రావలసిన ఆ మంచును నమ్ముకొనజాలక, మంచును చేయు యంత్రమునే నిర్మించి 1851లో పేటెంటు పొందెను. లాభము మాత్రము పొందలేదు, 1855లో మరణించెను. సినిమాహాళ్ళకును బ్యాంకులకును చేరుటకు చాలకాలము ముందే ఈ విద్య రోగి మంచము చెంత పుట్టినదన్న సంగతి మన వాస్తుశిల్పులు కొందరికి తెలిసియున్నచో, ఆసుపత్రి కట్టునప్పుడు ఏసీని అలంకారముల పద్దులో వ్రాయకుందురు.

చిల్లరు నీటిని 7 డిగ్రీల చెంతకు చల్లబరచి పంపును. ఆ నీరు ప్రతి అంతస్తునందును గాలిని చల్లబరచి గదులకు పంపు ఏ.హెచ్.యు. పెట్టెలలోని కాయిల్స్‌లో తిరిగి, గాలిలోని వేడిని మోసికొని 12 డిగ్రీలతో మరలివచ్చును. వెల్డింగు ముగిసిన గొట్టములలో నీరు నింపి, వాడుకలో ఉండు ఒత్తిడికి ఒకటిన్నర రెట్లు ఒత్తిడి పెట్టి, గేజీ ముల్లు క్రిందికి జారలేదని నిశ్చయించుకొనిన పిదపగాని పైన తొడుగు వేయనీయరు.

ఆ తొడుగు వేయు పనినే నేను ఎక్కువసేపు చూచితిని. మూడవ అంతస్తు నడవలో, శ్రీకాకుళము వైపునుండి వచ్చిన ఒక నడివయసు మేస్త్రి, నల్లని నైట్రైల్ రబ్బరు తొడుగును కత్తితో నిలువునా చీల్చి, రెండంచులకును బ్రష్షుతో జిగురు పూసి, వెంటనే అతికింపక, వ్రేలితో తాకి చూచుచు, జిగురు వ్రేలికి అంటనంతవరకు ఆగి, అప్పుడు మొదట రెండు చివరలను, తరువాత నడిమిని నొక్కుచుండెను. ప్రక్కనున్న కుర్రవాడు తొందరపడి తడిజిగురుమీదనే అంచులు కలిపివేయగా, మేస్త్రి ఒక్క మాటయైనను అనక, ఆ అతుకును పెరికి, పాత జిగురును గుడ్డతో తుడిచి, మరల పూసెను. చివరలే ముందెందుకని అడిగితిని. "నడిమినించి మొదలెట్టీసినామనుకోండి బాబూ, సివర సాగిపోద్ది, సందు మిగిలిపోద్ది. గోరంత సందు సాలు, ఏడాది తిరక్కుండా కిందకి కారిపోద్ది" అనెను. అది అతిశయోక్తి కాదు. వానకాలపు విజయవాడ గాలిలోని తేమ ఆ చల్లని ఇనుమును తాకినచోటనెల్ల నీరగును. ఆ నీరు ఫాల్స్ సీలింగ్‌పై చుక్కచుక్కగా పడి మొదట మరక, పిదప బూజు అగును.

నాకు విడ్డూరముగ తోచినది వేడి సంగతి. బెజవాడ మే నెలను ఎరిగినవాడెవడు ఆసుపత్రి గాలికి వేడి పట్టింపవలసి యుండుననుకొనును? అయినను ఆపరేషను థియేటరు పెట్టెలో చల్లనీటి కాయిల్ దాటిన వెంటనే వేడినీటి కాయిల్ మరియొకటి బిగించియున్నది. కారణము తేమయే. గాలిలోని తేమను పిండివేయవలెనన్న దానిని 12, 13 డిగ్రీలవరకు చల్లబరచక తప్పదు. ఆ గాలిని ఆ చలితోనే విడిచినచో గది మితిమీరి చల్లనై, మత్తుమందు వలన తన వేడిని తాను నిలుపుకొనజాలని రోగి శరీరము మరింత చల్లబడును. కనుక తేమ పిండిన గాలిని మరల కావలసినంత వెచ్చచేసి, గది 21 డిగ్రీల చెంత నిలుచునట్లు పంపుదురు. డబ్బు పోసి చల్లార్చి, మరల డబ్బు పోసి కాచుట ఏమి న్యాయమని నేను శంకింపగా, ఇంజనీరుగారు మేడవైపు చేయి చూపి, గదులనుండి లాగిన వేడినంతటిని ఆకాశముపాలు చేయక, కొంత నీటికి పట్టించి ఈ కాయిల్‌కును, వార్డుల స్నానపునీళ్ళకును వాడుదుమనిరి. ఈ భవనమంతటిలో నా మనస్సును దోచుకొనిన ఏర్పాటు ఇదియే.

థియేటరులో, బల్లకు సరిగా పైన, కప్పులో హెపా ఫిల్టర్లు బిగించియున్నారు, 0.3 మైక్రాన్ల రేణువులను అవి 99.97 శాతము పట్టివేయును. గదిలోని గాలి గంటకు 20 పర్యాయములకు తక్కువ కాకుండ మారవలెను. అందు 4 పర్యాయములకు సరిపడు గాలి బయటినుండి క్రొత్తగా రావలెను. బయటి నడవకంటె లోపల ఒత్తిడి కనీసము 2.5 పాస్కల్‌లు ఎక్కువగా ఉండవలెనట. అది మిల్లీమీటరులో నాల్గవవంతు ఎత్తు నీటి బరువుపాటిది! ఇంత స్వల్పమైనది పనిచేయునా యని నేననగా, ఆయన తలుపు మూయించి, పలుచని కాగితపు ముక్కనొకదానిని తలుపు క్రింది సందుకడ పట్టిరి. అది బయటివైపు రెపరెపలాడెను. అదే అంతస్తులో క్షయవంటి అంటువ్యాధులవారికై కట్టిన గదికడకు తీసికొనిపోయి పట్టగా, ఆ ముక్కయే లోపలికి లాగుకొని పోయెను. అచ్చట ఒత్తిడిని కావలెననియే తగ్గించియుంచిరి. రోగి విడిచిన గాలి నడవలోనికి రారాదు.

పాత గొట్టములకు క్రొత్తవానిని కలుపు పని రాత్రివేళ, థియేటర్లు ఖాళీయైన పిదప, వాల్వులు మూసి జరుగును. అది నేను కన్నులార చూడలేదు గనుక వర్ణింపను.

సెలవు తీసికొనుచుండగా ఇంజనీరుగారు తమ మనస్సులోని బాధను చెప్పిరి. వేరొక ఊరిలో ఇట్టి పనినే చేసి అప్పగించి, కొన్నాళ్ళకు పోయి చూడగా, ఫిల్టర్లు దుమ్ముతో మూసికొనిపోయి, తలుపుకడ కాగితము కదలనే లేదట. మార్పించుటకు సొమ్ము మంజూరు కాలేదని అచ్చటివారి సమాధానము. ఇట్టి అశ్రద్ధవలని కీడు ఫిల్టర్లతోనే తీరునది కాదు, లాగిన వేడిని బయట విడుచు కూలింగ్ టవర్ల నీటివలనను కలుగును. 1976లో ఫిలడెల్ఫియా హోటలులో సమావేశమైన మాజీ సైనికులను బలిగొనిన వ్యాధి కారణము మరుసటి సంవత్సరము తెలియవచ్చినది. లీజియొనెల్లా అను ఆ సూక్ష్మజీవి, శుద్ధి లేని కూలింగ్ టవర్ల గోరువెచ్చని నీటిలో పెరిగి, తుంపరలతో గాలిలో కలియగలదు.

ఆసుపత్రులు కట్టించు దాతలకును యాజమాన్యములకును నాదొక్కటే మనవి: శిలాఫలకము చెక్కించుటకు ముందే, ఫిల్టర్ల మార్పిడికిని, టవరు నీటి శుద్ధికిని, ఆ పని ఎరిగిన మనిషి జీతమునకును ఏటేట కావలసిన సొమ్మును వేరు పద్దుగా వ్రాసి, దానిని మరి దేనికిని మళ్ళింపకుడు.