సంధి జరిగే చోట

భౌతికశాస్త్రంలో పరిశోధన చేస్తున్న నా పూర్వ విద్యార్థి ఒకడు, "మాస్టారూ, టోపొలాజికల్ ఇన్సులేటర్‌ను తెలుగులో ఏమనవచ్చు?" అని అడిగాడు. పేరు పెట్టవలెనంటే ముందు స్వభావం తెలియాలి కదా! చెప్పమన్నాను.

బిస్మత్ సెలినైడ్ అటువంటి స్ఫటికమట. దాని గర్భం విద్యుత్తును పోనీయదు, ఉపరితలం పోనిస్తుంది. అక్కడ ఎలక్ట్రాన్ పయనించే దిశకూ, దాని స్పిన్‌కూ విడదీయరాని ముడి. అందుచేత అయస్కాంతగుణం లేని మలినం అడ్డుపడినా అది వచ్చిన దారినే తిన్నగా వెనుదిరుగజాలదు.

అతివాహకం తీరు వేరు. 1911లో కామర్లింగ్ ఓన్స్ పాదరసంలో కనుగొన్న ఈ స్థితిలో ఎలక్ట్రాన్లు జంటలై చరిస్తాయి. అల్పశక్తితో ఒంటరిగా వచ్చిన ఎలక్ట్రానుకు అక్కడ ప్రవేశం లేదు. సరిహద్దులో మరొకదానిని తోడు తీసుకొని లోపలికి పోతుంది. ఆ తోడు విడిచిన ఖాళీ ధనావేశమై వెనుకకు మరలుతుంది. దీనిని 1964లో ఆంద్రేయెవ్ వివరించాడు.

వ్యాకరణం చెప్పుకున్న ప్రాణం ఊరుకుంటుందా? కాయలోని 'క' కూర సరసకు చేరగానే 'గ' అయి 'కూరగాయ' అవుతున్నది. మార్పంతా సంధిస్థానంలోనే! ఈ పదార్థాలూ అంతే. అతివాహకాన్ని ఆనుకున్న ఉపరితలానికి దాని జంటగుణం కొంత అబ్బుతుంది. ఆరునెలలు సావాసం చేస్తే వారు వీరవుతారన్న సామెత ఊరకే పుట్టలేదు.

ఆ కలయికలో తనకు తానే ప్రతికణమైన మయొరానా స్థితి ఏర్పడగలదని 2008లో ఫూ, కేన్ ప్రతిపాదించారు. 1937లో ఎత్తోరె మయొరానా ఊహించిన కణానికి ఇది పోలిక. క్వాంటం కంప్యూటర్లకు పనికివస్తుందని దానిపై ఎన్నో ఆశలు. 2017లో విద్యుద్వాహకత సరిగ్గా సగం మెట్టు వద్ద నిలిచిందనీ, అదే సాక్ష్యమనీ ఒక బృందం ప్రకటించింది. 'దేవదూత కణ'మని పేరు కూడా వచ్చింది. రెండు పదార్థాలు బాగా అతుక్కుంటే చాలు, మయొరానా లేకున్నా ఆ సగం వస్తుందని 2020లో వేరొక బృందం చూపింది. 2022లో సైన్స్ పత్రిక మొదటి వ్యాసాన్ని ఉపసంహరించింది.

ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం!

అయినా నాకు ఆ శాస్త్రంపై గౌరవమే పెరిగింది. పాఠం ఎంత అందంగా ఉన్నా, ప్రతులను సరిచూచి నిలువనిదానిని తొలగించడమే పండితధర్మం.

శిష్యునికి 'సంస్థితి బంధకం' అన్న మాట ఇచ్చాను. మయొరానాకు మాత్రం, బిడ్డ పుట్టిన తరువాతనే నామకరణమన్నాను. ఇంతకంటె మంచి మాట తోచిన మిత్రులు సెలవిస్తే సంతోషిస్తాను.