విశాఖ తీరమున తుపాను దినములు

మేము గోదావరి గట్టున పుట్టి పెరిగినవారము. నదీస్నానము మాకు నిత్యకృత్యము. సముద్రస్నానము మాత్రము పర్వదినముల మాట. మాకు దగ్గరిది కాకినాడ తీరము. కాని హోప్ దీవి అడ్డముగా నుండుటచే అచటి సముద్రము చెరువువలె శాంతముగా నుండును. మా అబ్బాయి దానిని చూచి, “అమ్మా, కెరటము లేనిది సముద్రమెట్లగును?” అని పెదవి విరిచెను. పెద్ద కెరటములు చూపింతుమని వానికి మాట యిచ్చితిమి. ఆ మాట చెల్లించుకొనుటకే 2014వ సంవత్సరము అక్టోబరు నెలలో విశాఖపట్టణము పోయితిమి. వాడు కోరినదానికన్న పెద్ద కెరటములనే చూచి వచ్చితిమి.

మా ఆడపడుచు చినవాల్తేరులో సముద్రమునకు దాపున ఒక మేడయింట మూడవ అంతస్తున కాపురముండెను. ఆమె కూతురునకు ఆ యేడే వివాహమైనది. అట్లతద్ది నోము పుట్టింట పట్టించుచున్నామనియు, అమ్మను వెంటబెట్టుకొని రావలసినదనియు ఆమె కబురంపెను. మావారు బడిపంతులు. శుక్రవారమొక్కటి సెలవు పుచ్చుకొన్నచో రెండవ శనివారము, ఆదివారము కలిసివచ్చును. నోము, సముద్రస్నానము, సింహాచల యాత్ర మూడును ఒక్క ప్రయాణమున తీరునని లెక్క వేసికొని, అత్తగారితోను ఇద్దరు పిల్లలతోను గురువారము, 9వ తేదీ, రాజమహేంద్రవరమున రైలెక్కితిమి.

దారి సుమారు 200 కిలోమీటర్లు. సామర్లకోట, పిఠాపురము దాటి అన్నవరము చేరగా రత్నగిరిమీది సత్యదేవుని కోవెల కానవచ్చెను. అత్తగారు కూర్చున్నచోటినుండియే చేతులు జోడించిరి. తుని దాటినది మొదలు కొండలు దగ్గరగా వచ్చి బండితో పరుగులెత్తుచున్నట్లుండెను. కోనసీమ కొబ్బరితోటలు చూచిన కన్నులకు ఆ యెఱ్ఱమట్టి కొండలు క్రొత్తగా తోచినవి.

శుక్రవారము అట్లతద్ది. మేనగోడలు తెల్లవారకముందే లేచి చద్ది భుజించి, పగలెల్ల ఉపవాసముండెను. మేము పిల్లలను తీసికొని రామకృష్ణా బీచికి పోయితిమి. దక్షిణమున డాల్ఫిన్స్ నోస్ అను కొండ సముద్రములోనికి ముక్కు చాచి యుండును. దానిమీద దీపస్తంభము కలదు. ఒడ్డున కురుసుర అను జలాంతర్గామి యున్నది. అది 1969లో నౌకాదళమున చేరి, 2001లో విశ్రాంతి పొంది, 2002 నుండి ప్రజలు చూచుటకై ఇసుకమీద నిలుపబడినది. దాని లోపలి యిఱుకుదారులు చూచి అత్తగారు, “ఇందులో నెలల తరబడి ఉండు బిడ్డల తల్లులు ఎట్లు నిద్రపోవుదురో” అనిరి. మా అబ్బాయి యంత్రములను చూచెను; ఆమె తల్లులను చూచిరి.

విశాఖ సముద్రము చూపునకు ఎంత అందమో స్నానమునకు అంత అపాయము. ఒడ్డు చెంతనే లోతుగా నుండుటయేకాక, వెనుకకు మరలు నీరు కాళ్ళక్రింది ఇసుకను లాగివేయును. మోకాలిలోతు దాటనీయక పిల్లల చేతులు పట్టుకొనియే ముంచితిమి. ఒక ముసలి జాలరి స్త్రీ గవ్వలమ్ముచుండగా మా అమ్మాయి ఒక శంఖము కోరెను. ఆమె యాబది రూపాయలనెను. మేము బేరమాడి ముప్పదికి తెచ్చితిమి. ఈ ముచ్చట యెందుకు చెప్పుచున్నామో ముందు తెలియును.

ఆ రాత్రి మేనగోడలు డాబామీద చంద్రునికి మ్రొక్కి, పదకొండట్ల వాయనము ముత్తైదువుల కిచ్చెను. మబ్బుతునకల నడుమ తదియ చంద్రుడు, క్రింద మెఱయు సముద్రము! అదే చివరి వెన్నెల యగునని మాకు తెలియదు.

తుపాను వార్త పత్రికలలో అంతకుముందే వచ్చినది. 8వ తేదీన అండమాను దీవులను దాటి అది బంగాళాఖాతమున బలియుచుండెను. దానిపేరు హుద్‌హుద్, తలపై కిరీటమువంటి యీకల కుచ్చుగల ఒక పిట్ట పేరట, ఒమాన్ దేశమువారు పెట్టినదట. మా అన్నయ్యగారు, అనగా ఆడపడుచు భర్త, “మన ఊరికి కొండ కాపున్నది, గాలి మనలనేమి చేయును?” అనిరి. ఊరివారనేకులు అట్లే నమ్మియుండిరి. శనివారము ఉదయమున మావారు, తిరిగి పోవుదమా యని అడిగిరి. అత్తగారికి మధుమేహము, ప్రయాణపు బడలికకు పాదములు పొంగియుండెను. ఒకదినము విశ్రాంతి యిచ్చి పోవుదమని మేమే చెప్పితిమి. ఆ మాటకు తరువాత ఎంతయో పశ్చాత్తాపపడితిమి.

మధ్యాహ్నమునకు ఓడరేవున పదవనంబరు ప్రమాదసూచిక ఎగురవేసిరని తెలిసినది. పదియనగా మహాప్రమాదము, పదునొకండు మిగిలినదిగాని, అది సమాచారము తెగిపోయినదని చెప్పునది. పోలీసువారు తీరమునుండి జనులను పంపివేయుచుండిరి. పల్లెకారులను సురక్షితస్థలములకు చేర్చుచుండిరి. సాయంకాలము మా ఆడపడుచు మేడ మెట్లూడ్చు ముసలమ్మను లోనికి పిలిచి, “నీవీ రాత్రి ఇచటనే పరుండుము” అనెను. చూతుము గదా, ఆమె మనము గవ్వల బేరమాడిన యవ్వయే! మేము సిగ్గుతో తల వంచుకొంటిమి. ఆమె మాత్రము నవ్వి, మా అమ్మాయిని, “సెంకం ఊదినావా?” అని అడిగెను.

ఆ రాత్రియే విద్యుత్తు పోయినది. ఆదివారము తెల్లవారునప్పటికి గాలి ఈశాన్యమునుండి, సముద్రమునుండి, ఏనుగుల గుంపు ఘీంకరించునట్లు వీచుచుండెను. వాననీరు తలుపుసందులనుండి అడ్డముగా చిమ్మెను. సముద్రమువైపు గదిలో కిటికీ అద్దములు ఒకటొకటే పగిలినవి. వెనుకవైపు నైరృతి గది భద్రమని అత్తగారి మంచమును అచటికి చేర్చితిమి. గాలి వేగము గంటకు సుమారు 180 కిలోమీటర్లని పిమ్మట చదివితిమి. అప్పుడు మాకు తెలిసినదెల్ల గోడలు వణకుచున్నవనియే.

మధ్యాహ్నవేళ హఠాత్తుగా అంతయు సద్దణగినది. వాన నిలిచెను. ఆకాశము కొంచెము తెల్లనాయెను. అమ్మయ్య, గండము గడచినదని అందఱమును ఊపిరి పీల్చుకొంటిమి. మా అబ్బాయి తండ్రి చేయి పట్టుకొని క్రిందికి దిగుటకు సిద్ధమాయెను. అప్పుడా యవ్వ మెట్లకడ్డముగా నిలిచినది. “గాలి ఆగనేదు తల్లీ, ఊపిరి తీసుకుంటంది. ఇప్పుడు అటునుంచి కొడతాది. పెద్దమ్మగార్ని ఆ గదిలోంచి మార్సండి” అనెను. మావారు ఒక్కక్షణమాలోచించి, “ఈమె చెప్పినది నిజమే” అని మంచమెత్తిరి. కిటికీలులేని నడవలోనికి అత్తగారిని, మందుపెట్టెను, పిల్లలను చేర్చితిమి.

ఎంతోసేపు కాలేదు. నైరృతినుండి రెండవ గాలి విరుచుకొని పడెను. ఇది మొదటిదానికన్న భయంకరము. మేము ఖాళీచేసిన గదిలో పెద్ద చప్పుడాయెను. కిటికీ చట్రముతో కూడ ఊడివచ్చి, అత్తగారి మంచమున్న చోటనే పడినది. క్రింద వాకిట బాదముచెట్టు వేళ్ళతో పెకలి మెట్లకు అడ్డముగా కూలినది. మా అబ్బాయి దానిని చూచి నోటమాట లేక ఆ యవ్వ కొంగు పట్టుకొని కూర్చుండెను.

సాయంకాలమునకు గాలి నిజముగా తగ్గిన పిదప మావారు లాంతరు వెలుతురున నేలమీద ముగ్గుపిండితో చక్రము గీసి పిల్లలకు చెప్పిరి: “మన దిక్కున తుపాను గడియారపు ముల్లునకు ఎదురుగా తిరుగును. నడుమ కన్ను ఉండును. అచట గాలి యుండదు. ఆ కన్ను మనమీదుగా పోయినది గనుక ముందొకవైపునుండి, పిమ్మట దానికెదురువైపునుండి గాలి వీచెను.” అవ్వ వినుచుండి, “మా మావ ఈ ముగ్గు నేకుండానే సెప్పేవోడు” అనెను. మావారు నవ్వి ముగ్గుగిన్నె క్రింద పెట్టిరి.

ఇక మాకు పట్టుకొన్న దిగులు ఇన్సులిను. అత్తగారి మందు ఫ్రిజ్జులో నుండెను; ఫ్రిజ్జు చల్లదనము పోయి ఒకదినమాయెను. అంగళ్ళు లేవు, సెల్ ఫోనులు మూగవోయినవి. అదే మేడలోనున్న ఒక వైద్యుని కడకు పరుగెత్తితిమి. వాడుకలోనున్న సీసా 30 డిగ్రీల వేడి మించనిచోట ఇంచుమించు నాలుగువారములు చెడదనియు, ఎండ తగులనీయవలదనియు ఆయన చెప్పిరి. మట్టికూజాకు తడిబట్ట చుట్టి, అడుగున కొంచెము తడి ఇసుక పోసి, మందును మూతబిగిగల డబ్బాలో పెట్టి అందులో నుంచి, గాలి పాఱు నీడన పెట్టితిమి. మందు చల్లగా నిలిచినది. మన అవ్వల మజ్జిగకుండ ఉపాయమే ఇది.

ఆ చీకటిరాత్రి పిల్లలు భయపడుచుండగా అత్తగారు పోతనగారి భాగవతమునుండి గోవర్ధనోద్ధరణ ఘట్టమును ఎత్తుకొనిరి. పుస్తకము లేదు, దీపము చాలదు. పద్యమువెంట పద్యము ఆమెనోట దొరలుచుండెను. పిల్లలు మారుపలుకక వినిరి. పిదప ఆమె 1977 నవంబరు 19వ తేదీనాటి దివిసీమ ఉప్పెన మాట చెప్పిరి. ఆనాడు పదివేలమందివఱకు ప్రాణములు కోల్పోయిరి. ఈమారు ముందు హెచ్చరిక తెలిసి జనులను తీరమునుండి తరలించుటవలననే ఎన్నో ప్రాణములు నిలిచినవి. గాలిని ఆపలేకున్నను కబురును ముందుగా అందింపగలుగుట చిన్న సంగతి కాదు.

సోమవారము బయటికి వచ్చి చూతుము గదా, ఆకులన్నియు రాలి చెట్లు అగ్నికి మాడినట్లుండెను. పచ్చని కైలాసగిరి గోధుమవన్నె దాల్చినది. బీచిదారిమీద ఇసుక మేటలు, రాళ్ళు. విద్యుత్ స్తంభములు విల్లులవలె వంగియుండెను. విమానాశ్రయపు పైకప్పు సయితము చెదరినదని వినికిడి.

కరెంటు లేనిదే ఇంత కష్టమని మేమెన్నడు తలపలేదు. దీపమునకు కొవ్వువత్తి యున్నది, నీటికేమున్నది? మోటారు తిరుగనిదే మేడమీది తొట్టి నిండదు. వీధిచివర చేతిపంపు ఒక్కటే ఊరికి గంగామాత యాయెను. మిక్సీ తిరుగదు, రోలు ఆ యింటనే లేదు. పాలపొట్లమునకు కొందఱు రెండింతలు, మూడింతలు ధర చెప్పిరి. ఇడ్లీ, దోసె మఱచి, అన్నము, చింతపండు పచ్చడి, పెసరకట్టుతో గడపితిమి.

మా అత్తగారు మడి పాటించువారు. సోమవారము ఉదయమున అవ్వ మేము పిలువకయే రెండు బిందెల నీరు మూడంతస్తులు మోసి తెచ్చి గడపవద్ద నిలిచెను. మేము అత్తగారి మొగము చూచితిమి. ఆమె ఒకింతసేపు మౌనముగా నుండి, “లోనికి తీసికొనిరా తల్లీ, ఆ నీళ్ళతోనే ఎసరు పెట్టుడు” అనిరి. ఆనాడు అందఱమును ఒక్క వరుసనే కూర్చుండి భుజించితిమి.

మధ్యాహ్నము అవ్వతో జాలరిపేటకు పోయితిమి. ఆమె ఇంటికి కప్పులేదు. కొడుకు పడవ రెండు ముక్కలై ఇసుకలో పడియుండెను. ఆమె ఏడ్వలేదు, వలలు వెదకి చిక్కులు విప్పుచు కూర్చుండెను. మేము చేతనున్న కొంత సొమ్ము ఇచ్చబోగా వలదనెను. చివరకు, శంఖమునకు తక్కువ పడిన ఇరువదియు బాకీ యున్నామని చెప్పినపుడు నవ్వి, ఆ ఇరువది మాత్రమే పుచ్చుకొనెను. మా ఆడపడుచు అన్నయ్యగారితో ఆలోచించి, ఆ కప్పునకు రేకులు వేయించు భారము తాను వహించెను.

రాత్రి డాబామీదికి పోయితిమి. ఊరెల్ల చీకటి. ఆకాశము నిండ నక్షత్రములు. పట్టణపు పిల్లలు కొందఱు సప్తర్షులెచట అని అత్తగారిని అడుగగా, ఈ ఋతువున అవి తెల్లవారుజామున గాని కనబడవని చెప్పి ఆమె ధ్రువుని చూపిరి. వేఱు జిల్లాలనుండి వచ్చిన విద్యుత్ కార్మికులు వీధిచివర దివిటీదీపముల వెలుగున స్తంభము నిలుపుచుండిరి. మేడలోని స్త్రీలము వంతులవారీగా వారికి తేనీరు పంపితిమి.

గురువారము మాకు రైలు దొరకినది. అప్పటికిని ఆ వీధికి వెలుగు రాలేదు. సింహాచలేశుని దర్శనము ఆ మారునకు లభింపలేదు. సంవత్సరము పొడవున చందనముక్రింద దాగియుండు స్వామి ఎక్కడనుండియైనను మమ్ము చూచినాడని అత్తగారనిరి. గోదావరి గట్టు చేరి, మా తల్లిగారిని చూచినపుడు, ఆమె నాలుగుదినములు అన్నము ముట్టలేదని తెలిసినది. కబురందని చోట కష్టము రెండుచోట్ల పడవలసివచ్చును.

కొన్నియేండ్లకు మరల పోయితిమి. కైలాసగిరి పచ్చబడినది. అవ్వ కొడుకు క్రొత్తపడవ కొనుక్కొన్నాడు.

సోదరీమణులారా, తీరమునకు పోవునపుడు రెండు మాటలు మఱువకుడు. పత్రికలో తుపానువార్త చూచినచో ఒకదినము ముందే తిరిగి రండు. కొండ కాపున్నదను మాట నమ్మవలదు. గాలి ఉన్నట్టుండి నిలిచినచో గడప దాటకుడు. ఇంట ఒక లాంతరు, అగ్గిపెట్టె, మట్టికూజా, పెద్దలకు పదిదినముల మందు, రెండు గంగాళముల నీరు ఎల్లప్పుడు ఉండవలెను. మా యింట అట్లతద్దినాడు అట్లపెనము దించునపుడే లాంతరు దించి వత్తి సరిచేయుట నాటినుండి ఆచారమైనది. ఆ పని మా అబ్బాయి చేయును.