రేకుల షెడ్డులో బాస్కెట్‌బాల్

అరకులోయలో వానాకాలం దిగితే గ్రౌండు మీద ఆట సాగదు. ముసురు పట్టిందంటే నేలంతా బురద, బంతి ఎగరదు. అందుకే నేను వెళ్లిన గిరిజన గురుకులంలో అమ్మాయిల బాస్కెట్‌బాల్ ఒక రేకుల షెడ్డులోకి మారింది. పొద్దున ప్రార్థన, మధ్యాహ్నం భోజనాలు, సాయంత్రం ఆట, అన్నీ అక్కడే.

ఈ ఆట పుట్టిందీ ఇలాంటి ఇబ్బందిలోంచే. 1891 డిసెంబరులో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డులో చలికి బయట ఆడలేక కుర్రాళ్లు విసిగిపోతుంటే, జేమ్స్ నైస్మిత్ అనే వ్యాయామ ఉపాధ్యాయుడు జిమ్ బాల్కనీకి రెండు పీచుపళ్ల బుట్టలు కట్టించి బంతి అందులో వెయ్యమన్నాడు. ఆ బాల్కనీ ఎత్తు 10 అడుగులు. ఇవాళ్టికీ రింగు ఎత్తు అంతే. ఈ షెడ్డులో కూడా పీఈటీ మేడం టేపు పెట్టి కొలిపించి బిగించారు.

అరకు ఫొటోలంటే మనకు థింసా నృత్యం, వలిసె పూల పసుపు, బొర్రా గుహలు, కిరండూల్ రైలు దూరే సొరంగాలు. అక్కడి పిల్లలు ఫొటోలో కనిపిస్తే నగలతో, కట్టుబొట్టుతో, సందర్శకుల కోసం వరసగా నిలబడి కనిపిస్తారు. జెర్సీ వేసుకుని చెమటలు కక్కుతూ ఆడుతున్న పిల్ల ఫొటో మాత్రం అరుదు. ఈ స్కూల్లో అలాంటి ఫొటోలు తీయిస్తున్నారని తెలిసి చూడ్డానికి వెళ్లాను. తీసేది అరకులోనే పెళ్లిళ్ల స్టూడియో నడుపుతున్న ఒక కుర్రాడు. అతనిదీ ఈ కొండే.

షెడ్డుకు రెండు పక్కలా గోడ నడుమెత్తు వరకే ఉంది. ఆ పైన ఖాళీలోంచి వాన రోజున కూడా తెల్లటి వెలుగు తోసుకొస్తుంది. లోపల మాత్రం మసక. పైన కొన్ని ఎల్‌ఈడీ దీపాలు, కింద సిమెంటు నేల మీద ఆకుపచ్చ పెయింటు. కెమెరాను ఆటో మోడ్‌లో పెడితే అది వెనకాల వెలుగును లెక్కలోకి తీసుకుని, ముందున్న పిల్ల ముఖాన్ని నల్లని మచ్చ చేస్తుంది. "బయటి వెలుగు చూసి కెమెరా మోసపోతాదన్నా" అన్నాడు స్టూడియో తమ్ముడు. అన్నవాడు ఊరుకోలేదు. రింగు కిందకు వెళ్లి, అరచెయ్యి కాకుండా తన చేతి వెనకవైపు తిప్పి, ఆ చేతి మీద పడ్డ వెలుగును కొలిచి అన్నీ మాన్యువల్‌గా పెట్టాడు. అతని చేతి రంగూ ఆ పిల్లల ముఖాల రంగూ ఒకటే కాబట్టి ఆ కొలత తప్పు పోదు.

85 ఎం.ఎం. లెన్సు, అపర్చరు 2, షటరు సెకనులో 500వ వంతు, ఐఎస్‌ఓ 6400. షటరు అంతకంటే నెమ్మదిస్తే బంతి వదిలే చేతివేళ్లు చెరిగిపోతాయి. ఇంత వేగంగా పెడితే ఇంకో తంటా. మన కరెంటు సెకనుకు 50 ఆవృత్తాలు, కాబట్టి సరైన డ్రైవరు సర్క్యూటు లేని ఎల్‌ఈడీ దీపాలు సెకనుకు 100 సార్లు మినుకుతాయి. కంటికి తెలియదు గాని వేగంగా తెరుచుకు మూసుకునే షటరుకు దొరికిపోతుంది. అదే చోటు, అదే సెట్టింగు, అయినా ఒక ఫ్రేము వెలుగ్గా, దాని పక్కది పచ్చగా మాడినట్టు వస్తుంది. ఆ మినుకును కనిపెట్టి, వెలుగు శిఖరం మీద ఉన్నప్పుడే షటరు తెరిచే ఏర్పాటు కానన్ 2014లో 7డి మార్క్ 2 కెమెరాతో తెచ్చింది. ఇతని కెమెరా అంతకంటే పాతది. అందుకని ప్రతి ఘట్టానికీ వరసగా మూడు నాలుగు ఫ్రేములు తీసి, వెలుగు సరిగా పడ్డది ఉంచుకుంటాడు.

ఫ్లాష్ ముట్టడు. అమెరికాలో పెద్ద ఎన్‌బీఏ స్టేడియాల్లో ఫ్లాష్‌లను పైకప్పు దగ్గర బిగించి, కోర్టు పక్కనున్న కెమెరాతో రేడియో మీద వెలిగిస్తారు. ఆటగాళ్ల కళ్లకు అడ్డురాదు. ఇక్కడ ఫ్లాష్ కొడితే లేఅప్‌కు దూసుకొస్తున్న పిల్ల కళ్లలోనే పడుతుంది. విశాఖలో స్వర్ణభారతి ఇండోర్ స్టేడియం లాంటి చోట ఆడాల్సిన పిల్లలు వీళ్లు. ఫొటో కోసం ఒక్కళ్లకు కాలు మడత పడ్డా అది క్షమించరాని పని.

బేస్‌లైను వెనక, రింగుకు కాస్త పక్కగా, నేల మీద మఠం వేసుకుని కూర్చున్నాడు. బంతి వెంట కెమెరా తిప్పడు, మనిషిని పట్టుకుంటాడు. ఏడో నెంబరు జెర్సీ పిల్ల షాటుకు ముందు మోకాళ్లు వంచి ఒక్కసారి రింగు వైపు చూస్తుంది. ఆ చూపు దగ్గరే అతని వేలు కదులుతుంది. ఎగిరిన మనిషి పైన ఒక్క లిప్తపాటు ఆగినట్టే ఉంటుంది, మసక వెలుగులో కూడా ఆ లిప్త స్పష్టంగా దొరుకుతుంది.

సాయంత్రం స్టూడియోలో కూర్చున్నాం. ఎంచడమే సగం పని. ముఖం, బంతి, ఎదుటి జట్టు చెయ్యి, ఈ మూడూ లేని ఫొటోలు ఎంత పదునుగా ఉన్నా పక్కకు పోయాయి. ఒకటి మాత్రం నేను మరవలేను. రీబౌండుకు మూడు జతల చేతులు పైకి లేచాయి. మధ్యలో ఏడో నెంబరు పిల్ల నోరు తెరిచి, గడ్డం ఎత్తి బంతినే చూస్తోంది. మెడ మీద చెమట గీత, ఒక బూటు లేసు ఊడి గాల్లో ఉంది. రింగు స్తంభం నిలువుగా వచ్చేట్టు ఫొటోను కొంచెం తిప్పి, అంచున వచ్చిన భోజనాల బల్ల పోయేట్టు కత్తిరించాడు. ఆటకు ముందు ఒక పిల్ల చేత తెల్ల డ్రాయింగు కాగితం పట్టించి తీసిన ఫ్రేముతో రంగులు సరిచేశాడు. ఆకుపచ్చ నేల మీంచి ఎగసిన రంగు గడ్డాల కింద అంటుకుని ఉంటే అక్కడ మాత్రమే తగ్గించాడు.

తర్వాత మౌస్ మీంచి చెయ్యి తీసేశాడు. "పెళ్లి ఆల్బమ్ అయితే ఇక్కడ ఒక నొక్కు నొక్కుతానన్నా" అని చూపించాడు. ఒక్క నొక్కుతో ఆ పిల్ల ముఖం నున్నగా, రెండు ఛాయలు తెల్లగా, మైనపు బొమ్మలా మారింది. మరో నొక్కుతో వెనక్కి తెచ్చాడు. ఇదివరకు ఒకసారి జట్టు ఫొటో అలాగే తెల్లబరిచి నోటీసు బోర్డుకు ఇచ్చారట. ఒక పిల్ల బోర్డు ముందు నిలబడి చాలాసేపు వెతికి, చివరికి జెర్సీ నెంబరు చూసి తనను తాను గుర్తుపట్టిందని పీఈటీ మేడం చెప్పారు. ఆ మాట విన్నాక నాకు కాసేపు ఏమీ తోచలేదు.

ఇది ఒక్క అరకు సంగతి కాదు. రంగుల ఫిల్ము కాలంలో కోడక్ కంపెనీ ప్రింట్ల రంగు సరిచూసుకోవడానికి ల్యాబులకు ఒక తెల్లజాతి యువతి ఫొటో పంపేది. షర్లీ కార్డు అనేవారు. ఆమె చర్మం సరిగా వస్తే ప్రింటు సరిగా ఉన్నట్టు. నల్లని ముఖాలు ముద్దగా వస్తున్నాయన్న ఫిర్యాదును చాలాకాలం పట్టించుకోలేదు. చాక్లెట్ల కంపెనీలు, చెక్క సామాను కంపెనీలు తమ సరుకు ముదురు గోధుమ రంగు సరిగా పడటం లేదని అడిగాకే ఫిల్ము మెరుగుపడింది. మనుషుల ముఖాల కోసం జరగాల్సిన పని సరుకు కోసం జరిగింది.

షెడ్డులో జరిగేదీ చూడండి. వెలుగు తక్కువ పెట్టి తీస్తే ఫొటోలో నాయిస్ ముదురు రంగుల్లోనే ఎక్కువ పేరుకుంటుంది. అంటే నల్లని ముఖమే ముందు పాడవుతుంది. దాన్ని కప్పడానికి నున్నగా చేస్తారు, నున్నదనానికి తోడు తెలుపు చేరుస్తారు. ఆట దగ్గరే చేతి మీద వెలుగు కొలిచిన మనిషికి ఈ అవసరమే పడలేదు. నల్లని చర్మానికి ఆకారం ఇచ్చేది దవడ మీద, నుదుటి మీద మెరిసే చెమట. నీడలను బలవంతంగా ఎత్తితే ఆ మెరుపు పోయి ముఖం బూడిద రంగు తేలుతుంది. పత్రికా ఫొటోల్లో ఈ పట్టింపు ఇంకా గట్టిది: 2015లో వరల్డ్ ప్రెస్ ఫొటో పోటీలో చివరి ముందు రౌండుకు వచ్చిన చిత్రాల్లో దాదాపు 20 శాతాన్ని మార్పుచేర్పుల కారణంగా తీసేశారు. ఆ పోటీల పేరు కూడా వినని ఒక పెళ్లిళ్ల ఫొటోగ్రాఫరు అదే నియమాన్ని తనంతట తానే పాటిస్తున్నాడు. నా లెక్కలో అతను పెద్ద పనివాడు.

అరకు వెళ్లి పిల్లల ఫొటోలు తీసేవాళ్లందరికీ ఒక విన్నపం. ముందు ప్రిన్సిపాల్‌ను, పిల్లల్ని అడిగి తీయండి. ఎడిటింగులో వాళ్ల రంగు జోలికి వెళ్లకండి. ఇంటికెళ్లాక ప్రింట్లు వేయించి స్కూలు చిరునామాకు పోస్టు చేయండి. గురుకులంలో పిల్లల దగ్గర ఫోన్లు ఉండవు, సెలవులకు ఊరెళ్లినప్పుడు అమ్మానాన్నలకు చూపించడానికి వాళ్ల దగ్గర ఉండేది ఆ ప్రింటే.